కాలాపేటలో పోత పోసిన పిన్ని వినాయకుడు

పుత్తూరు నుంచి పుదుచ్చేరికి నేరుగా ఒక ప్యాసింజరు రైలు ఉంది. తిరుపతిలో చీకటితోనే బయలుదేరి, తెల్లవారకముందే మా స్టేషనుకు వస్తుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు పుదుచ్చేరిలో దింపుతుంది. టికెట్టు బస్సు చార్జీలో సగం కూడా ఉండదు, రిజర్వేషను అక్కరలేదు. వేళలు మారుతుంటాయి కనుక ముందురోజు ఒకసారి కనుక్కుని బయలుదేరడం మంచిది. ఫాల్గుణ మాసంలో ఒక సోమవారం నేను ఆ రైలెక్కాను. చేతిలో ఒక బట్టల సంచి, పెరుగన్నం డబ్బా, నీళ్ళ సీసా. వెళ్ళింది ఊరు చూడటానికి కాదు. మా పిన్ని చేత్తో చేసే మట్టి వినాయకుడి బొమ్మ ఒకదాన్ని లోహంలో పోత పోయించడానికి.

పిన్ని సంగతి ముందు చెప్పాలి. మా అమ్మకు చెల్లెలు, పేరు కనకమ్మ. నేను బడికి పోలేదు. మా పల్లెకు బడి దూరం, ఆడపిల్లను అంత దూరం పంపడం నాన్నకు ఇష్టం లేకపోయింది. పెళ్ళి కాకముందు పిన్ని మా ఇంట్లోనే ఉండేది. వాకిట్లో తడిమట్టిని పలకలా పరిచి, చీపురుపుల్లతో అక్షరం గీసి, దాని మీద నా వేలు పట్టి దిద్దించేది. తప్పు రాస్తే తన కుడి బొటనవేలితో అదిమి చెరిపేసేది. ఆ వేలికి అడ్డంగా ఒక గాటు ఉంది. చిన్నతనంలో గుమ్మడికాయ తరుగుతూ కత్తిపీటకు కోసుకుందట. అందుచేత చెరిపిన చోటల్లా ఒక చిన్న గుంట, గుంటకు అడ్డంగా సన్నని గీత మిగిలేవి. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ చెయ్యి పెట్టిన భిక్షే. పొద్దున దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఆ చేతికీ ఒకటి పెట్టుకుంటాను.

తర్వాత పిన్నిని పుదుచ్చేరిలో ఉప్పళానికి ఇచ్చారు. అత్తవారు ఎన్నో తరాల కింద అక్కడికి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం అరవమే. పిన్ని అక్కడికి వెళ్ళాక ప్రతి వినాయక చవితికీ తన ఇంటికీ వీధిలో వాళ్ళకీ మట్టి వినాయకులను చేసి ఇచ్చేది. అంతా అయ్యాక పొట్ట మీద బొటనవేలితో ఒక్కసారి అదిమేది. అదే బొడ్డు. గుంటలో అడ్డగీత పడేది. ఆ గీత లేకపోతే వీధి పిల్లలు తీసుకునేవాళ్ళు కాదు.

పోయిన చవితికి పిన్ని చెయ్యలేకపోయింది. చక్కెర జబ్బు కళ్ళను చాలావరకు తీసుకుపోయింది. వేళ్ళు మొద్దుబారాయి. కోడలు విజయ బజారు నుంచి అచ్చులో తీసిన వినాయకుణ్ణి తెచ్చి పూజ జరిపించింది. ఆ సాయంత్రం పిన్ని నాకు ఫోను చేసింది. "అచ్చు వినాయకుడు వచ్చినాడమ్మా ఇంటికి. బొడ్డే లేదు. పూజ చేసినాను, మనసు నిలవలే" అంది. ఆ మాట నన్ను వదల్లేదు. ఆ చేతిలో ఇంకా కాస్త శక్తి ఉండగానే ఒక్క బొమ్మ చేయించి, దాన్ని లోహంలో పోయిస్తే, ఇక ప్రతి చవితికీ పీట మీద పిన్ని వినాయకుడే కూర్చుంటాడు కదా అనుకున్నాను. ఆమె ఉన్నా, లేకపోయినా.

అరక్కోణంలో బండి చాలాసేపు ఆగింది. ఇడ్లీ పొట్లాలు అమ్మకానికి వస్తాయి, చట్నీ బాగుంటుంది. తిరుత్తణిలో ఎక్కిన ఒక పెద్దాయన నా ఎదుట కూర్చుని, ఎక్కడికని అడిగాడు. చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మట్టి దేవుడికి లోహం ఒళ్ళు ఎందుకమ్మా? ఆయనది మూణ్ణాళ్ళ ముచ్చట. వస్తాడు, ఉండ్రాళ్ళు తింటాడు, పోతాడు. పోనీకుండా పట్టుకుంటే కుదురుతుందా?" అన్నాడు.

"పట్టుకోవాలనుకున్నది ఆయన్ని కాదులెండి" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు, నేనూ వివరించలేదు. కాంచీపురం దాటాక పెరుగన్నంలో సగం ఆయనకు పెట్టాను. విల్లుపురంలో బండి దాదాపు ఖాళీ అయింది. పుదుచ్చేరి స్టేషను బయట ఆటోవాళ్ళు మొదట ఎక్కువే అడుగుతారు. నాలుగడుగులు నడిస్తే ధర తగ్గుతుంది. ఉప్పళం దగ్గరే, సామాను లేకపోతే నడిచి కూడా పోవచ్చు.

విజయ వాకిట్లోనే ఎదురైంది. "అత్త పొద్దున్నుంచి మట్టి పిసుకుతా ఉండాది. అన్నం తినమంటే, మా అక్కకూతురు వచ్చినాక అంటాది. మీరొచ్చి తినిపించండి వదినా, నా మాట యాడ వింటాది" అంది.

పిన్ని వెనక వరండాలో పీట మీద కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడు విని తల తిప్పింది. "వచ్చినావా? కాళ్ళు కడుక్కో. ఈ మట్టి చూడు, విల్లియనూరు కుమ్మరాయన దగ్గర తెప్పించినాను. ఇసక లేదు, వెన్న మాదిరి ఉండాది" అంది.

మర్నాడు పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, పిన్ని బొమ్మ మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని నీళ్ళ గిన్నె అందించాను. కళ్ళు మూసుకుని చేసింది. తెరిచినా పెద్ద తేడా లేదని నవ్వింది. పీఠం, మడిచిన కాళ్ళు, పొట్ట, ఆపైన తల. వేళ్ళు మొద్దుబారడం వల్ల పట్టు తెలియక తొండం రెండుసార్లు ఊడింది. మూడోసారి నిలబడింది. మిగతా వేళ్ళకు తెలియనిది బొటనవేలికి ఇంకా తెలుస్తుందని చెప్పి, అన్నీ దానితోనే తడిమి చూసుకుంది.

"చెవులు సమంగా ఉండాయా?"

"ఎడమది కాస్త చిన్నది పిన్నీ."

"ఉండనీలే. మొత్తం వింటే మన కోరికలకు భయపడి పారిపోతాడు."

విజయ వంటింట్లోంచే నవ్వింది. చివరికి పిన్ని బొమ్మను తన వైపు తిప్పుకుని, పొట్ట మీద బొటనవేలు ఆనించి అదిమింది. కాసేపు తియ్యలేదు. తీశాక గుంట పడింది, అడ్డంగా గీత. "ఊఁ. బొడ్డు పెట్టినాను. ఇంక వీడు మనోడు" అంది. జానెడు బొమ్మ. నాకు కళ్ళు చెమర్చాయి. స్వామీ, ఈ చేతిని ఇంతవరకు నిలిపినందుకు నీ రుణం తీర్చుకోలేను అనుకున్నాను. ఆ సాయంత్రానికి పిన్ని చేతులు వాచాయి. డాక్టరు చూసి, ఇక తడిమట్టి ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాడు. అంటే అదే ఆఖరిది.

పోత పోసే స్థపతి కాలాపేటలో ఉన్నాడని విజయ పుట్టింటివాళ్ళ ద్వారా తెలిసింది. పేరు పి. వేలాయుధం. కాలాపేటకు ఊళ్ళోంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద బస్సులు చాలా ఉన్నాయి. పొద్దున యూనివర్సిటీ పిల్లల వల్ల కిక్కిరిసి ఉంటాయి. పది దాటాక వెళితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. బొమ్మకు తడిగుడ్డ చుట్టి ఒడిలో పెట్టుకున్నాను. పక్కన ఖాళీ చేపల గంపతో ఒకామె కూర్చుంది. అమ్మకం ముగించుకుని ఊరికి తిరిగిపోతోంది.

"ఏమి అంత పొదివి పట్టుకుండావు? పసిబిడ్డా?" అని అరవంలో అడిగింది.

"వినాయకుడమ్మా."

"ఈయనకు టికెట్టు తీసినావా?" అంది. నేను తడబడితే, "తియ్యకపోతే పాయె. కండక్టరు అడిగితే ఒళ్ళో బిడ్డ అని చెప్తాలే" అని తన గంపను కాళ్ళ కిందికి లాక్కుని నాకు చోటిచ్చింది. దిగేటప్పుడు చెయ్యి కడుక్కోలేదని బొమ్మను తాకకుండా దూరం నుంచే దండం పెట్టింది.

స్థపతి పనిశాల రోడ్డు మీద దిగి సముద్రం వైపు కాస్త నడిస్తే వస్తుంది. రేకుల షెడ్డు, ముందు కొబ్బరిచెట్లు. యాభై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడతాడు. వాళ్ళ ఇంట్లోనూ తెలుగే. తాతల నాటి నుంచీ దేవుళ్ళను పోసే కుటుంబమట. గోడవారన సగం చెక్కిన నటరాజు కాళ్ళు, ఒక నంది, ఎవరో నాయకుడి తలకాయ ఉన్నాయి.

ఆయన గుడ్డ విప్పి బొమ్మను చుట్టూ తిప్పి చూశాడు. "పూజకా, ఊరికే పెట్టి చూసుకునేదానికా?" అని అడిగాడు.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వినాయకుణ్ణి ఎదురుగా పెట్టుకుని ఊరికే చూసుకోవడానికి అనే మాట నా నోట ఎలా వస్తుంది? "పూజకే స్వామీ" అన్నాను.

"సరి. అట్లయితే అన్నీ పద్ధతిగా జరగాల" అన్నాడు. పద్ధతి అన్న మాట విని నాకు ఎంతో సంతోషమైంది. మంచి చేతుల్లో పెట్టాననుకున్నాను. మంచి చేతులే అవి, అందులో ఇప్పటికీ నాకు సందేహం లేదు.

మొదటి అచ్చు ఆ రోజే నా ఎదుటే తీశాడు. బొమ్మకు ఒక చెవి నుంచి తల మీదుగా రెండో చెవి దాకా, అక్కడి నుంచి కిందికి, పల్చని రేకుముక్కలు వరసగా గుచ్చాడు. ముందు సగానికీ వెనక సగానికీ మధ్య గోడ అన్నమాట. తర్వాత ప్లాస్టరు పిండి నీళ్ళలో కలిపి, చేత్తో చిలకరించినట్టు చల్లుతూ మందంగా పూశాడు. అది గట్టిపడుతూ వేడెక్కింది. నన్ను తాకి చూడమన్నాడు. జ్వరం వచ్చిన పిల్ల నుదురులా ఉంది. ఆరాక రెండు సగాలనూ విడదీసి, లోపలి మట్టిని చెక్కపుల్లతో తవ్వి తీయడం మొదలుపెట్టాడు. తొండం ముక్కలైంది, చెవులు విరిగాయి. నా మనసు చివుక్కుమంది. పొట్ట మాత్రం ఒకే ముద్దగా ఊడి వచ్చింది, బొటనవేలి గుర్తు గుర్తుగానే.

"బాధ పడొద్దమ్మా. ఉండేదంతా అచ్చులో పడింది, చూడు" అని ప్లాస్టరు సగాన్ని నా వైపు వంచాడు. గుంట అక్కడ చిన్న బొడిపెగా ఉంది. దాని మీద అడ్డంగా సన్నని గట్టు. నా ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడు నేనొక పని చేశాను. దేవుడి మట్టి కదా, కాళ్ళ కింద పడకూడదని ముక్కలన్నీ ఏరి తడిగుడ్డలో మూట కట్టాను. సముద్రం అక్కడికి దగ్గరే. వలలు ఆరబెట్టిన ఇసుకలోంచి నడిచి ఒడ్డుకు వెళ్ళాను. వల బాగుచేస్తున్న ఒకాయన "లోతుకు పోవద్దమ్మా, లాగేస్తది" అని కేకేశాడు. మోకాళ్ళ లోతులో నిలబడి ఒక్కో ముక్కా వదిలాను. పొట్ట ముద్దను ఆఖరున కళ్ళకద్దుకుని వదిలాను. ఒక అల వచ్చింది, నీళ్ళు కాస్త ఎర్రబారాయి, అంతే. వినాయకుణ్ణి నిమజ్జనం చేశాక అందరూ ఎంత తేలిగ్గా ఇంటికి పోతారో, నేనూ అంత తేలిగ్గా బస్సెక్కాను.

పోత పనికి రెండు వారాలు దాటుతుందని స్థపతి చెప్పాడు. ఉప్పళంలోనే ఉండిపోయాను. బంధువులు లేనివాళ్ళకు బస్టాండు చుట్టుపక్కల మామూలు లాడ్జీలు ఉన్నాయి. ఫ్రెంచివాళ్ళ నాటి వైట్ టౌన్ గెస్ట్‌హౌసులు బాగుంటాయి గానీ మనలాంటి వాళ్ళకు భారం. సాయంత్రాలు పిన్నిని చెయ్యి పట్టుకుని సముద్రపు ఒడ్డున ఉన్న పెద్ద రోడ్డుకు తీసుకువెళ్ళేదాన్ని. ఆ వేళకు అక్కడ వాహనాలను రానివ్వరు, కళ్ళు కనిపించని వాళ్ళు కూడా ధైర్యంగా నడవచ్చు. పిన్ని గోడ మీద కూర్చుని గాలికి ముఖం పెట్టి, "అయిపోయిందా మన సామి పని? మైనం దాకా వచ్చినాడా?" అని రోజూ అడిగేది. దగ్గరలోని వినాయకుడి గుడిలో దీపం వెలిగించి ఇంటికి వచ్చేవాళ్ళం.

మైనం పని నేను చూడలేదు. ప్లాస్టరు అచ్చులో తేనెమైనం, గుగ్గిలం కలిపి కరిగించి పూసి, గట్టిపడ్డాక అచ్చును చిన్న ఉలితో చిట్లగొట్టి మైనపు బొమ్మను బయటికి తీస్తారట. చేతుల మడతలు, తొండం వంపు ఉన్న బొమ్మకు అచ్చు ఊడి రాదు, పగలాల్సిందే. నేను వెళ్ళేసరికి మైనపు బొమ్మకు మెత్తని వండ్రుమట్టి పూతలు పడిపోయాయి. తొండం ఎక్కడో, కాలు ఎక్కడో తెలియడం లేదు. పెద్ద చిలగడదుంపలా ఉంది. స్థపతి గరుకుమట్టి కలుపుతూ, "మీరూ ఒక చెయ్యి వెయ్యండమ్మా, పుణ్యం" అన్నాడు. నేను రెండు చేతులా మట్టి తీసుకుని, పొట్ట ఉండే చోటని ఊహించుకుని అద్దాను. ఇంత భాగ్యం ఎవరికి దొరుకుతుందని మనసులోనే అనుకున్నాను.

పోత రోజు పిన్నిని తీసుకువెళ్ళడానికి వీలు కాలేదు, మంట వేడికి తట్టుకోలేదని విజయ వద్దంది. బయలుదేరేటప్పుడు పిన్ని బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి వెతికి, చిన్న గుడ్డమూట తీసి నా చేతిలో పెట్టింది. వెండి మెట్టెలు. బాబాయి పోయినప్పుడు తీసినవి. "కరిగేదాంట్లో వెయ్యి. ఇంట్లో ఉండి ఏమి చేస్తాయి" అంది.

పిడకల మంటలో ఆ మట్టి పూతల అచ్చును కాల్చితే లోపలి మైనం కిందికి కారిపోయింది. షెడ్డంతా సాంబ్రాణి వాసన. మూసలో లోహం కరిగి, చూడలేనంత వెలుగుతో ఉన్నప్పుడు స్థపతి కర్పూరం వెలిగించి, నా వైపు చూసి తల ఊపాడు. మెట్టెలు వేశాను. చప్పుడు కూడా కాలేదు. తర్వాత ఆయన, ఆయన తమ్ముడు పొడవాటి పట్టకారుతో మూసను ఎత్తి, నేలలో పూడ్చిన అచ్చు నోట్లో పోశారు. అంతా కలిపి నాలుగు గుటకలు మింగినంత సేపు. లోహం చల్లారాక అచ్చు పగలగొట్టి, రాపిడి చేసి, మెరుగుపెట్టి పెడతానని, వారం తర్వాత రమ్మన్నాడు.

ఆ వారం పిన్ని దేవుడి గూడు ఖాళీ చేయించింది. నడిమి పటం పక్కకు జరిగింది. "ఈడ పెట్టు. కూచుంటే నా చెయ్యి అందాల" అని తనే కొలత చూసుకుంది. విజయ బొరుగులు, బెల్లం తెచ్చింది. వీధిలో ఇద్దరు ముగ్గురు వచ్చి, ఎప్పుడొస్తాడని అడిగి వెళ్ళారు.

వారం తిరిగాక కాలాపేటకు వెళితే, స్థపతి ఎర్రగుడ్డ తీశాడు. వినాయకుడు ధగధగలాడాడు. తొండం వంపు తీరుగా ఉంది. రెండు చెవులూ సమంగా ఉన్నాయి. నా కళ్ళు కిందికి దిగాయి. పొట్ట గుండ్రంగా, నున్నగా ఉంది. నడిమధ్య పొందికైన చిన్న బొడ్డు, పొట్ట చుట్టూ పాములా చుట్టిన నాగబంధం. గుంట లేదు, గీత లేదు.

ఆయన నా ముఖం చూసి, "ఏమ్మా, బాగలేదా?" అన్నాడు.

"పొట్ట మీద... బొటనవేలి గుర్తు ఉండాలి."

"ఆ గాటా? మైనం మీద చూసినాను. పూడ్చేసినాను కదా. ఎడమ చెవి కూడా చిన్నది, మైనం అతికి సరిచేసినాను. పీట వంకర తీసినాను." దాచిపెట్టాలన్న ఆలోచన కూడా ఆయనలో లేదు. చేసిన మేలు చెబుతున్నాడు. "పూజకు అంటిరి గదా. చవితి మట్టి సామి ఎట్లుండినా పరవాలేదు, నీళ్ళలో పోతాడు. లోహం సామి ఇంట్లో నిలిచేవాడు. అంగలోపం ఉండకూడదు. మా నాయన అట్లాంటిది పొయ్యనే పొయ్యడు. పెట్టి చూసుకునేదానికి అనింటే ఉండేది ఉండినట్టే పోసుందును."

ఆయన మాటలో తప్పు లేదు. నేను అడిగాను, ఆయన ఇచ్చాడు. అచ్చు ఉందా అని అడగబోయి ఆగిపోయాను. ప్లాస్టరు అచ్చు పగిలింది. మట్టి అచ్చు పగిలింది. మైనం కారిపోయింది. మొదటి మట్టిని నేనే సముద్రంలో కలిపాను.

ఆయనకు నా బాధ కొంత తెలిసినట్టుంది. ఉలి తీసుకుని, "గీత ఒకటే గదా? ఎట్ల ఉండిందో చెప్పండి, గీస్తాను. దోషం లేకుండా పల్చగా గీస్తాను" అన్నాడు. నేను వద్దన్నాను. ఆయన గీసేది ఆయన గీత అవుతుంది. చేతులు జోడించి, మిగిలిన కూలీ ఇచ్చి, ఎర్రగుడ్డలో చుట్టుకుని బస్సెక్కాను. లోహం బరువు ఒడిలో తెలుస్తూనే ఉంది. ఈసారి పక్కన కూర్చున్నవాళ్ళెవరూ ఏమిటని అడగలేదు. మనసులో మాత్రం ఒకటే ఆశ. పిన్నికి కళ్ళు కనిపించవు, వేళ్ళు మొద్దుబారాయి, తెలియకుండా పోతుందేమో. అలా కోరుకున్నందుకు కూడా సిగ్గుపడ్డాను.

పిన్ని గూటి ముందు పీట వేసుకుని సిద్ధంగా ఉంది. తలస్నానం చేసింది. నేను వినాయకుణ్ణి ఆమె ఒడిలో పెట్టాను. మొదట రెండు చేతులా ఎత్తి బరువు చూసింది. "గట్టోడే" అని నవ్వింది. తొండం తడిమింది, చెవులు తడిమింది. ఎడమ చెవి దగ్గర చెయ్యి ఆగింది. తర్వాత బొటనవేలు పొట్ట మీదికి వచ్చింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. నాగబంధాన్ని దాటి పక్కకు. మళ్ళీ నడిమికి. విజయ నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను.

పిన్ని బొమ్మను జాగ్రత్తగా గూట్లో పెట్టించి, దండం పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "రొంబ బాగుండాడు సామి. ఎవరు చేసినారు?"

విజయ, "మీరు చేసిందే అత్తా, దాన్నే పోసినారు" అంది.

"నేనా?" పిన్ని తన చేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుంది, చూడగలిగినట్టు. "నా చేతికి ఇంత నునుపు యాడిది."

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాను. స్థపతి అడిగిన మాట, నేను చెప్పిన మాట, సముద్రంలో కలిపిన మట్టి. పిన్ని అంతా విన్నది. "పూజకు కాదని నువ్వు ఎట్ల చెప్తావులే. నేనైనా చెప్పుందునా?" అంది. కాసేపటికి, "మెట్టెలు వేసినావు గదా?" అంది. వేశానన్నాను. "అది చాలు. లోపల యాడో ఉంటాయి" అంది.

ఆ మాటకు నేను ఆమెకు ఎంత రుణపడ్డానో చెప్పలేను. అయినా నా కళ్ళెదుట ఉన్నది వేరు. ఆ సాయంత్రం ఇరుగుపొరుగు పిల్లలు వచ్చారు. ఒక పాప గూట్లోకి చూసి, "ఇది బజారుదా అవ్వా?" అని అడిగింది. పిన్ని దాని చేతిలో బొరుగులు పోసి, "దేవుడు. దండం పెట్టు" అంది.

మర్నాడే తిరుగు ప్రయాణం. అదే రైలు మధ్యాహ్నం బయలుదేరి చీకటి పడ్డాక పుత్తూరు చేరుస్తుంది. ఎండవేళ కాబట్టి తూర్పు వైపు కిటికీ చూసుకోండి. విజయ నిమ్మకాయ పులిహోర కట్టిచ్చింది. పిన్ని వాకిలి దాకా వచ్చి, తడుముకుంటూ నా ముఖం పట్టుకుంది. చిన్నప్పుడు తప్పు దిద్దాక పట్టుకున్నట్టే పట్టుకుంది. బొటనవేలు నా చెంప మీద అదిమింది. గాటు గరుగ్గా తగిలింది.

విల్లుపురంలో కాఫీ తాగాను. తిండివనం వైపు పొలాలు ఎండిపోయి ఉన్నాయి. ఈ ప్రయాణం వృథా అని నేను అనను. పిన్నితో అన్ని సాయంత్రాలు సముద్రం దగ్గర కూర్చునే అదృష్టం దొరికింది. వినాయకుడు ఉప్పళంలో రోజూ దీపం అందుకుంటున్నాడు. స్థపతి నిజాయితీ గల మనిషి, మంచి విగ్రహం కావలసినవాళ్ళు కాలాపేటకు నిస్సంకోచంగా వెళ్ళవచ్చు. ఒక్కటే చెబుతాను. మీరు తీసుకువెళ్ళేది మీ వాళ్ళ చేత్తో చేసిన మట్టిబొమ్మ అయితే, ఆయన పూజకా, చూసుకోవడానికా అని అడిగినప్పుడు, కాస్త ఆగండి. ఎదుట ఉన్నది దేవుడే అయినా సరే, చూసుకోవడానికే అని చెప్పండి. ఆ దేవుడు ఏమీ అనుకోడు. పూజ తర్వాతైనా చేసుకోవచ్చు.

చెంగల్పట్టు దాటాక కిటికీ అద్దంలో నా ముఖం కనిపించింది. పిన్ని అదిమిన చోట చెయ్యి పెట్టి చూసుకున్నాను. మట్టి మీద నిలిచినట్టు మనిషి చెంప మీద ఏదీ నిలవదు.